పాత ఆల్టోకు టైమింగ్ బెల్టును ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన మారుతి ఆల్టో, అంటే 796 సీసీ మూడు సిలిండర్ల పెట్రోలు బండి, ఇప్పుడు నా చేతికి వచ్చింది. మీటరు 1,00,000 కిలోమీటర్లకు చేరువలో ఉంది. టైమింగ్ బెల్టును, అంటే ఇంజిన్‌లో పిస్టన్ల, వాల్వుల కదలికలను ఒకే వరుసలో ఉంచే పళ్ల బెల్టును, ఎప్పుడైనా మార్పించారో లేదో తెలిపే బిల్లు ఇంట్లో ఎక్కడా దొరకలేదు. ఇంజిన్ ఆయిల్, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను కనుక ఈ పనిని కూడా మా అపార్ట్‌మెంటు సెల్లారులోనే చేయాలని అనుకుంటున్నాను. బెల్టుతో పాటు ఏయే భాగాలు మార్చాలి, వాటర్ పంపును కూడా మార్చాలా, బెల్టు చక్రాల మీది గుర్తులు తప్పితే నిజంగానే ఇంజిన్ దెబ్బతింటుందా అన్నవి నా సందేహాలు. బండి ఏళ్ల తరబడి సముద్రపు గాలిలో ఉన్నందువల్ల కింది బోల్టులు బాగా తుప్పు పట్టాయి.

సమాధానం (గాజువాక నుంచి)

చేసుకోవచ్చండీ. మీరు చెప్పిన పనులు చేతనైనవారికి ఇందులో బలం చూపించవలసిన చోటు ఒక్కటే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరన ఉండే పుల్లీ దగ్గర. మిగిలినదంతా గుర్తులు చూసుకునే ఓపికకు సంబంధించిన పని. బిల్లు దొరకలేదు కనుక బెల్టును అసలు మార్చలేదనే లెక్క వేసుకోండి. పైకి పగుళ్లు కనిపించకపోయినా రబ్బరు వయసుతో పాటు గట్టిపడుతుంది, లోపలి గాజు పోగులు అలసిపోతాయి. అందుకే కంపెనీలు కిలోమీటర్ల పరిమితితో పాటు ఏళ్ల పరిమితినీ చెబుతాయి. మీ బండి పుస్తకంలో ఆ రెండింటిలో ఏది ముందు దాటితే దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఇంజిన్ దెబ్బతినే విషయానికి వస్తే, క్రాంక్ రెండు చుట్లు తిరిగే లోపు క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఆ వరుసను నిలబెట్టేది ఈ పళ్ల బెల్టే. చాలా ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వు దిగే చోటికి పిస్టన్ కూడా మరో క్షణంలో చేరుకుంటుంది కాబట్టి, బెల్టు తెగినా చాలా పళ్లు జారినా వాల్వులు వంగిపోతాయి. మీ ఇంజిన్ కూడా ఆ కోవలోనిదే అనుకుని పని చేయండి. అంటే బెల్టు తీసిన తరువాత క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ ఊరికే తిప్పి చూడకండి. పైగా, నడుస్తున్న బండిలో బెల్టు తెగితే ఇంజిన్ ఆగిపోతుంది, ఒకటి రెండు సార్లు తొక్కిన తరువాత బ్రేకుకు వాక్యూమ్ సాయం అందక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అరకు ఘాట్ దిగుతున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఏమేమి మార్చాలన్నది నా అభిప్రాయంలో ఇలా ఉండాలి. బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టి ఉంచే భాగం) బేరింగ్ తప్పనిసరి. పాత బేరింగ్ చేతితో తిప్పితే నున్నగా తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ, లోపలి గ్రీజు ఎండిపోయి కొత్త బెల్టు సగం వయసులో ఉండగానే అది పట్టేస్తే పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. టెన్షనర్‌ను లాగి పట్టే చిన్న స్ప్రింగును కూడా మార్చండి, దాని ధర ఎంతో ఉండదు. క్యామ్ ఆయిల్ సీలు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు చుట్టూ తడి కనిపిస్తే అవి కూడా మార్చవలసిందే, ఎందుకంటే ఆయిల్ తగిలిన బెల్టు ఉబ్బి, పళ్లు ఊడి, గడువుకు చాలా ముందే పోతుంది. వాటర్ పంపును కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టే తిప్పుతుంది, కొన్నింటిలో బయటి బెల్టు తిప్పుతుంది. పంపు విప్పడానికి టైమింగ్ బెల్టు అడ్డం వచ్చే బండి అయితే, లీకు లేకపోయినా ఇప్పుడే మార్చడం మేలు. పైకవరు, కిందికవరు విప్పగానే ఆ సంగతి మీకే కనిపిస్తుంది.

సామాను విషయంలో మాత్రం పొదుపు వద్దు. ఆటోనగర్‌లో అన్ని రకాలూ దొరుకుతాయి, వాటిలో నకిలీ పెట్టెలు కూడా ఉంటాయి. కంపెనీ అధీకృత విడిభాగాల దుకాణంలో ఇంజిన్ నంబరు చూపించి కొని, బిల్లు తీసుకోండి. కొత్త బెల్టును మడవకూడదు, మెలిపెట్టకూడదు, లోపలి వైపు బయటికి తిప్పకూడదు. గాజు పోగులు విరిగినా ఆ సంగతి బయటికి కనిపించదు.

ఇక పని. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, కుడి ముందు వైపు ఎత్తి స్టాండు మీద నిలపండి. సెల్లారులో ర్యాంపు వాలు ఉన్న చోట ఈ పని వద్దు, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి వెళ్లవద్దు. ప్లగ్గులు మూడూ తీసేస్తే కంప్రెషన్ లేక క్రాంక్ తేలికగా తిరుగుతుంది. అప్పుడు క్రాంక్ బోల్టుకు పానా వేసి, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిప్పుతూ, క్యామ్ పుల్లీ గుర్తును దాని వెనక ఉన్న గుర్తుకు, క్రాంక్ పళ్ల చక్రం మీది చుక్కను ఆయిల్ పంపు మీది గుర్తుకు ఎదురుగా తీసుకురండి. క్రాంక్ గుర్తు ప్రతి చుట్టుకూ కలుస్తుంది, క్యామ్ గుర్తు చుట్టు విడిచి చుట్టు కలుస్తుంది. రెండూ ఒకేసారి కలిసినదే సరైన స్థానం. ఏ అనుమానం వచ్చినా తరువాత చూసుకోవడానికి, బెల్టు తీయకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి.

కొత్త బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ లేని వైపు సాగదీసినట్టు నిటారుగా ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే చేరాలి. ఆ తరువాత టెన్షనర్ బోల్టు వదులు చేసి స్ప్రింగును దాని పని చేయనిచ్చి, క్రాంక్‌ను రెండు చుట్లు నిదానంగా చేతితో తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాకే బోల్టు బిగించాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలవంతం చేయక అక్కడే ఆగిపోండి. బిగింపు కొలతలు సర్వీస్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచితోనే బిగించండి.

మరొక మాట (పెందుర్తి నుంచి)

గాజువాక మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఇది చదివి అన్ని బండ్లకూ ఇదే పద్ధతి అనుకోవద్దు. కె10 ఇంజిన్ ఉన్న ఆల్టోకు, 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌కు బెల్టు బదులు గొలుసు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ 1.6 టీడీఐ వంటి డీజిల్ ఇంజిన్‌లో ఇదే బెల్టు డీజిల్‌ను ఒత్తిడితో పంపే హై ప్రెషర్ పంపును కూడా తిప్పుతుంది కనుక, క్రాంక్‌ను, క్యామ్‌ను, పంపును కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేకమైన పిన్నులు లేకుండా దాని జోలికి పోకూడదు. ఆ పిన్నులు ఉన్నా, బోల్టు బిగించేటప్పుడు ఆ బలాన్ని వాటి మీద మోపడం తప్పు. అవి స్థానం చూపడానికే.

అడిగినవారి రెండో ప్రశ్న

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాక క్రాంక్ పుల్లీ ఊడివచ్చింది. పాత బెల్టు మీద, రెండు పుల్లీల మీద వైట్‌నర్‌తో గీతలు పెట్టి, నడుమ పళ్లు లెక్కపెట్టి, కొత్త బెల్టు మీద కూడా అవే చోట్ల గీతలు గీసి ఎక్కించాను. అయితే రెండు చుట్లు తిప్పేసరికి పుల్లీల గుర్తులు కలిశాయి గానీ, బెల్టు మీది గీతలు ఎక్కడికో జరిగిపోయాయి. బెల్టు పన్ను జారిందా?

సమాధానం (గాజువాక నుంచి)

జారలేదండీ, కంగారు పడవద్దు. ఉదాహరణకు క్రాంక్ చక్రానికి 20 పళ్లు, క్యామ్ చక్రానికి 40, బెల్టుకు 99 పళ్లు ఉన్నాయనుకోండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే బెల్టు 40 పళ్లు మాత్రమే ముందుకు జరుగుతుంది, కాబట్టి దాని మీది గీత మొదటి చోటికి రాదు. ఆ లెక్కన గీతలు, గుర్తులు అన్నీ మళ్లీ ఒకచోట కలవాలంటే క్రాంక్ 198 చుట్లు తిరగాలి. గీతలు ఎక్కించేటప్పుడు సాయపడతాయి, అంతవరకే. తనిఖీకి పనికివచ్చేవి పుల్లీల మీది కంపెనీ గుర్తులు మాత్రమే. అవి కచ్చితంగా కలిశాయా, ఒకటి కొద్దిగా పక్కకు ఉందా అన్నది సూటిగా ఎదురుగా నిలబడి చూడండి, పై నుంచి వంగి చూస్తే కన్ను మోసం చేస్తుంది. 20 పళ్ల చక్రంలో ఒక పన్ను తేడా అంటే క్రాంక్ మీద 18 డిగ్రీలు, కనుక నిజంగా తప్పితే తేడా స్పష్టంగానే కనిపిస్తుంది.

గుర్తులు కలిశాయంటున్నారు కనుక కవర్లు బిగించి, ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. సన్నని ఈల వంటి మోత వినిపిస్తే బెల్టు బిగువు ఎక్కువైంది, కవరుకు రాసుకుంటున్న చప్పుడు వస్తే వదులైంది. రెండింటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి టెన్షనర్‌ను మళ్లీ సరిచేయాలి. వాటర్ పంపును కూడా మార్చి ఉంటే, కూలెంటులో గాలి బుడగలు పోయేదాకా నింపి, మర్నాడు ఉదయం చల్లని ఇంజిన్ మీద మట్టం మరోసారి చూడండి. పాత కూలెంటును మాత్రం కాలువలో పారబోయవద్దు. దానిలోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక వీధి కుక్కలు, ఆవులు నాకుతాయి, అది వాటికి విషం. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డువారిని అడిగి అప్పగించండి.