అప్‌డేట్: డయాలసిస్‌లో ఉన్న నాన్నకి ఎముకల నొప్పులు

మూడు నెలల క్రితం అడిగాను: రెండేళ్లుగా డయాలసిస్‌లో ఉన్న నాన్నకి నడుము, మోకాళ్ల నొప్పులు, రాత్రంతా దురద, కాల్షియం మాత్రలు వేస్తే సరిపోతుందా అని. సరిపోదట. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) రక్తపరీక్ష చేయించమన్న వాళ్లందరికీ దండాలు. 1,140 వచ్చింది. మామూలుగా 65 లోపు ఉండాలి. డయాలసిస్ వాళ్లకి కొంత ఎక్కువే ఉంటుంది కానీ ఇంత కాదు. ఫాస్ఫరస్ కూడా ఎక్కువే, 7.4.

పాడైన కిడ్నీలు ఫాస్ఫరస్‌ని బయటికి పంపలేవు, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చలేవు. దాంతో మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్‌ని అతిగా వదిలి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయట.

అసలు తప్పు మా ఇంట్లోనే దొరికింది. సెవెలమర్ మాత్రని నాన్న పొద్దున్నే పరగడుపున వేసుకునేవారు! అది తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగుల్లోనే పట్టేసే మందు, అన్నంతో పాటే పడాలి. ఇప్పుడు కంచంలో ఉప్పు వేసే చోట అమ్మ మాత్ర పెడుతోంది. మాది ఉద్దానం, ఇంటి చుట్టూ జీడితోటలే. జీడిపప్పులో ఫాస్ఫరస్ ఎక్కువ కదా, అది మానడమే ఆయనకి చాలా కష్టమైంది.

ఫాస్ఫరస్ 5.3కి దిగాక కాల్సిట్రయాల్ (పనికొచ్చే రూపంలో ఉన్న విటమిన్ డి) మొదలుపెట్టారు. దురద తగ్గి నిద్రపోతున్నారు. నొప్పులు మాత్రం ఇంకా ఉన్నాయి. పీటీహెచ్ మళ్లీ వచ్చే నెల చేయిస్తాం.