పదెకరాల పొలం, చిన్న ట్రాక్టర్, ఆరుగురం: ఏ పికప్ తీసుకోమంటారు?

సెలీనా_రైతు
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. పోయినేడాది ఇక్కడికి ఉత్తరాన, ఓక్లహోమా వైపు గంట ప్రయాణంలో పదెకరాలు కొన్నాం. గడ్డి నడుమెత్తు పెరిగింది. పాతిక హార్స్‌పవర్ ట్రాక్టర్ ఒకటి మాట్లాడుకున్నాను. పొలంలో షెడ్డు వేసేదాకా దాన్ని ఇక్కడే స్టోరేజ్‌లో పెట్టి, శనివారం పొద్దున్నే ట్రైలర్ మీద తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చుకోవాలి. ఇద్దరు పిల్లలు, మేమిద్దరం, ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అమ్మా నాన్నా. మొత్తం ఆరుగురం. బడ్జెట్ 60 వేల డాలర్లు, 2 వేలు అటూ ఇటూ.

ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో, ర్యామ్, టయోటా టండ్రా నాలుగూ చూశాను. యాడ్స్ ప్రకారం నాలుగూ కొండల్ని లాగేస్తాయి. 11 వేల పౌండ్లు, 12 వేలు, 13 వేలు అంటున్నారు. నాకు లాగాల్సింది 6 వేలు. అంటే ఏది కొన్నా సరిపోతుందనేనా? ఉన్నవాళ్లు చెప్పండి. ఇంకో మాట, అమ్మకి మోకాళ్ల నొప్పులు.

ఇర్వింగ్_ఇడ్లీ
ఎఫ్-150 హైబ్రిడ్, మూడున్నరేళ్లుగా వాడుతున్నాను. ఎందుకు కొన్నానో చెప్తాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మూడు రోజులు కరెంటు లేదు. పిల్లకి అప్పుడు ఏడు నెలలు. కారులో హీటర్ వేసుకుని పడుకున్నాం. ఆ వారమే ఈ హైబ్రిడ్ ఉన్నవాళ్లు బండిలోంచి ఇంట్లోకి వైర్లు లాక్కుని ఫ్రిజ్, హీటర్ నడిపారని వార్తల్లో చూశాను. షోరూముల్లో ఉన్న హైబ్రిడ్లని అవసరమైనవాళ్లకి ఇవ్వమని టెక్సస్ డీలర్లని ఫోర్డ్ అడిగింది కూడా. అప్పుడే డిసైడ్ అయ్యాను.

హైబ్రిడ్‌లో 2.4 కిలోవాట్లు మామూలుగానే వస్తుంది, డబ్బు పెడితే 7.2. పొలంలో కరెంటు లేకపోతే ఇది వరం. నేను బావి పంపు, వెల్డింగ్ మెషీన్ రెండూ దీని మీదే నడిపాను. ఇంజిన్ 430 హార్స్‌పవర్, 570 పౌండ్-ఫీట్ టార్క్, కాబట్టి లాగుడుకి లోటు లేదు. ఊళ్లో గ్యాలనుకి 21–22 మైళ్లు వస్తుంది. ట్రైలర్ తగిలిస్తే మాత్రం 10. హైబ్రిడ్ అని అప్పుడేం జాలి చూపించదు.

తెనాలి_తమ్ముడు
అన్నా, లాగే బరువు సంగతి పక్కన పెట్టండి. డ్రైవర్ డోర్ తెరిచి, పిల్లర్ మీద తెలుపు పసుపు స్టిక్కర్ ఉంటుంది చూడండి. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదు అని ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. మీ కుటుంబానికి అసలు అడ్డం పడేది అదే.

యాడ్‌లో చెప్పే 12 వేలు, 13 వేలు ఎలా వస్తాయంటే, బండిలో 150 పౌండ్ల మనుషులు ఇద్దరే ఉన్నారనుకుని పరీక్షిస్తారు. అదీ ఆ అంకె కోసమే సరైన ఇంజిన్, సరైన యాక్సిల్, టోయింగ్ ప్యాకేజీ అన్నీ కలిసిన ఒక్క బండి మీద. మీరు ఆరుగురు.

లెక్క వేద్దాం. ఆరుగురూ కలిపి 720 పౌండ్లు అనుకోండి (మీరు సన్నగా ఉంటారని నమ్ముతున్నాను). లోడర్‌తో ట్రాక్టర్ 3,400, గడ్డి కోసే ష్రెడర్ 500, ట్రైలర్ 2,100. మొత్తం 6,000. ట్రైలర్ ముక్కు మన హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు అందులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తక్కువైతే వెనక తోక ఊపుతుంది, 65 మైళ్ల స్పీడులో ఊపడం మొదలైతే ఆపడం చాలా కష్టం. 12 శాతం వేసుకుంటే 720. హిచ్, కూలర్, డీజిల్ డబ్బా, గొలుసులు ఇంకో 100. మొత్తం 1,540.

ఇప్పుడు ఖరీదైన ట్రిమ్ (అదే మోడల్‌లో హంగులు ఎక్కువున్న రకం) తీసుకున్నారనుకోండి. పైన పెద్ద గ్లాసు రూఫ్, మోటార్లతో దిగే మెట్లు, హైబ్రిడ్ బ్యాటరీ, 22 అంగుళాల చక్రాలు. ఇవన్నీ బరువే, అన్నీ పేలోడ్‌లోంచే పోతాయి. 1,300, 1,400 స్టిక్కర్ ఉన్న బండ్లు డీలర్ లాట్‌లో చాలా కనిపిస్తాయి. అదే కంపెనీ, అదే మోడల్ మామూలు ట్రిమ్‌లో 1,800 దాటుతుంది. కాబట్టి ఫోర్డా, షెవీనా అనే గొడవ తర్వాత.

మా నాన్నగారు పోయిన ఎండాకాలం వచ్చారు. నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి ఎంత మోస్తుందిరా అన్నారు. 1,600 పౌండ్లు, అంటే 725 కిలోలు అన్నాను. "పది బస్తాల ధాన్యం కూడా పట్టదా? మన బొలెరో పికప్ 1,700 కిలోలు కాగితం మీదే మోస్తుంది, ఇంక మనవాళ్లు వేసేది వేరే. దీన్ని చూస్తే ఏనుగులా ఉంది" అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

సెలీనా_రైతు
తమ్ముడూ, చచ్చానురా. నేను దాదాపు ఖాయం చేసుకున్న హైబ్రిడ్ ఫొటోలు ఫోన్లో ఉన్నాయి, డోర్ తెరిచి తీసినవి. జూమ్ చేసి చూశాను. 1,412.

డీజిల్_దాదా
సిల్వరాడో 3.0 డీజిల్, 78 వేల మైళ్లు. హైవే మీద గ్యాలనుకి 27 మైళ్లు చూపిస్తుంది. ట్రైలర్‌తో 14. టార్క్ 495. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు మార్చుకుంటూ అరవదు, అలా ఈడ్చుకుంటూ పోతుంది. లాగడమే ముఖ్యమైతే దీన్ని తొక్కి చూడకుండా నిర్ణయించుకోవద్దు.

పొట్టి బెడ్ల (వెనక సామాను తొట్టి) వరకు చూస్తే సిల్వరాడోదే పెద్దది. 62.9 క్యూబిక్ అడుగులు, ఎఫ్-150ది 52.8. వెనక బంపర్ రెండు మూలల్లో కాలు పెట్టడానికి గాట్లు ఉంటాయి. చూడటానికి ఏమీ అనిపించదు కానీ బురద బూట్లతో ఎక్కేవాడికి అంతకంటే మంచి మెట్టు లేదు.

కష్టాలూ చెప్పాలి. డెఫ్ (పొగలో విషవాయువులు తగ్గించే ద్రవం) పోస్తూ ఉండాలి. 2020–22 నాటి మొదటి రకం సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే, ఆయిల్ పంపు బెల్టు లక్షన్నర మైళ్లకి మార్చాలి. అది ఇంజిన్ వెనక ఉంటుంది, గేర్‌బాక్స్ దించాల్సిందే. 2023 నుంచి వచ్చినదాంట్లో ఆ గడువు 2 లక్షలకి పెంచారు.

పులిహోర_పియర్లాండ్
మేము ర్యామ్ 1500 ఎయిర్ సస్పెన్షన్‌తో తీసుకున్నాం. మా అత్తగారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి. బటన్ నొక్కితే బండి కిందికి దిగుతుంది, ఆవిడ పైన పిడి పట్టుకుని ఎక్కేస్తారు. లోపల కూర్చుంటే పికప్‌లో ఉన్నట్టే ఉండదు. మిగతావాటిలో చాలా వరకు వెనక లీఫ్ స్ప్రింగులు, మన లారీల్లో ఉండే కమాను పట్టీలే. ర్యామ్‌కి కాయిల్స్. వినాయక చవితికి అయిదడుగుల మట్టి విగ్రహాన్ని నలభై మైళ్లు తెచ్చాం, చెవి కూడా విరగలేదు.

ముందు గ్రిల్ మీద పొట్టేలు బొమ్మ చూసి మా మామగారు "రాముడి బండి అన్నారు, ఇదేంటమ్మా" అని ఒకటే నవ్వు.

కానీ తెనాలి గారు చెప్పింది నిజం. మా బండి స్టిక్కర్ 1,290. మేము లాగేది చిన్న బోటు కాబట్టి సరిపోయింది. మీ ట్రాక్టర్‌కి మాత్రం నేను దీన్ని చెప్పను.

ఓరుగల్లు_ఆస్టిన్
టండ్రా గురించి ఎవరూ మాట్లాడట్లేదే. శాన్ ఆంటోనియోలో తయారయ్యే బండి, మన టెక్సస్ బండి అన్నట్టు. నాది 2021, అంటే 5.7 వీ8 వచ్చిన ఆఖరి ఏడాది. 1,31,000 మైళ్లు. ఆయిల్, బ్రేకులు, టైర్లు తప్ప ఏమీ మార్చలేదు. పెట్రోలు తాగుడు మాత్రం అడగొద్దు, 14 వస్తే పండగే.

కొత్త తరం (2022 నుంచి) 3.4 ట్విన్ టర్బో వీ6. దీని సంగతి దాచడం ఎందుకు, 2024లో దాదాపు లక్ష బండ్లు రీకాల్ చేశారు, అంటే లోపం ఉందని వెనక్కి పిలిపించారు. ఇంజిన్ లోపల మెషినింగ్ చేసినప్పటి లోహపు పొట్టు మిగిలిపోయి బేరింగులు దెబ్బతింటున్నాయని తేలింది. 2025లో ఇంకొన్ని చేర్చారు. టయోటా అంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చు అనే రోజులు ఈ ఇంజిన్‌తో పోయాయి. నాకే బాధగా ఉంది.

మొహమాటం_లేదు
ఒక్క టయోటానే అనకండి. 2025 ఏప్రిల్లో సిల్వరాడో తయారుచేసే జీఎం వాళ్ల 6.2 వీ8 ఇంజిన్ కూడా రీకాల్ అయింది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లు, 2021–24 మోడళ్లు. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల లోపం. పరీక్షలో పాసైన బండికి చిక్కటి ఆయిల్ పోసి పంపించారు. 5.3 వీ8 ఆ రీకాల్‌లో లేదు. ఫోర్డ్ అయితే 2025లో రీకాల్స్ సంఖ్యలో అందరికంటే ముందుంది. ర్యామ్ 2025లో హెమీ వీ8 తీసేసి, జనం గోల పెడితే 2026కి మళ్లీ తెచ్చింది. దాంతోపాటు 2026 బండ్లకి, మొదటి ఓనర్‌కి, పదేళ్లు లేదా లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటివి) వారంటీ ఇస్తోంది. మిగతావాళ్లు 5 ఏళ్లు, 60 వేల మైళ్ల దగ్గరే ఉన్నారు.

నా సొంత అనుభవం: పై నాలుగిట్లో ఒకటి. పేరు రాయను, రాస్తే ఇక్కడ యుద్ధమే. 19 వేల మైళ్లకి గేర్‌బాక్స్ వణుకు. డీలర్ దగ్గర అయిదు వారాలు ఉంది. ప్రతి సోమవారం "పార్ట్ వస్తోంది సార్" అనే మాట. నాకు అర్థమైంది ఏంటంటే, ఇంటికి దగ్గర్లో సర్వీస్ ఎవరు బాగా చేస్తారో కొనకముందే కనుక్కోవాలి. సెకండ్‌హ్యాండ్ అయితే విన్ నంబర్‌తో (బండి గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైటులో రీకాల్ పెండింగ్ ఉందో లేదో చూసుకోండి, రెండు నిమిషాల పని.

గ్యారేజీ_గోపన్న
టేపు ఉందా? నాలుగు తలుపులతో, పెద్ద వెనక సీటుతో, పొట్టి బెడ్‌తో ఈ నాలుగు బండ్లూ 232 నుంచి 234 అంగుళాలు. మన కాలనీ ఇళ్లలో గ్యారేజీ లోతు చాలాచోట్ల 20 అడుగులు, అంటే 240. అందులో వాటర్ హీటర్, రెండో ఫ్రిజ్, కాస్ట్‌కోలో తెచ్చిన బియ్యం బస్తాలు. మా ఆవిడ ఆ ఫ్రిజ్ జరపనంది. మూడేళ్లుగా నా బండి బయటే ఉంది, మొన్న వసంతంలో వడగళ్లు పడ్డాయి. ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం, తుప్పు పట్టదు కానీ సొట్టలు తీయడం స్టీలు అంత తేలిక కాదు, చేసేవాళ్లూ తక్కువ.

నాగలి_నెమలి
అన్నా, అడిగినదానికి జవాబు కాదు, తిట్టుకోకండి. ప్రతి శనివారం ట్రాక్టర్‌ని గంట దూరం అటూ ఇటూ లాగడం దేనికి? పాత షిప్పింగ్ కంటెయినర్ 20 అడుగులది రెండు మూడు వేల డాలర్లకి దొరుకుతుంది. పొలంలో దింపించి, ట్రాక్టర్ లోపల పెట్టి మంచి తాళం వేసుకోండి. మేం అదే చేశాం. ట్రైలర్ పని ఏడాదికి రెండుసార్లు. అప్పుడు ఇంట్లోవాళ్లు వెనక కారులో వస్తారు, ఆరుగురి బరువు లెక్క కూడా పోతుంది.

తెనాలి_తమ్ముడు
ఇది నాకు తట్టలేదు. కంటెయినర్ తలుపుల వెడల్పు, ఎత్తు కొలుచుకోండి. ట్రాక్టర్ వెనక నిలబడే రోల్‌బార్ మడవకపోతే లోపలికి పోదు.

ఆడిటర్_గారు
పొలం మీద నిజంగా వ్యాపారం నడిపితే (మేకలు, గడ్డి అమ్మకం) ఒక మాట. స్థూల బరువు (పూర్తి లోడుతో కలిపి అనుమతించిన బరువు) 6,000 పౌండ్లు దాటిన బండికి పన్ను చట్టం సెక్షన్ 179 కింద ఖర్చు చూపించుకోవచ్చు, వ్యాపార వాడకం సగానికి మించితేనే. బెడ్ లోపలి పొడవు 6 అడుగులో, అంతకంటే ఎక్కువో ఉంటే ఎస్‌యూవీలకి పెట్టిన పరిమితి వర్తించదు. అయిదున్నర అడుగుల బెడ్‌కి వర్తిస్తుంది. శనివారం పిల్లలతో గడ్డి కోసుకోవడాన్ని వ్యాపారం అని నా దగ్గరికి తీసుకురావద్దు.

సెలీనా_రైతు
అందరికీ థాంక్స్. రెండు వారాలకి మళ్లీ వచ్చాను.

కంటెయినర్ ఆర్డర్ చేశాను. మా ట్రాక్టర్ రోల్‌బార్ మడుస్తుంది, ముందే కొలిచాను.

బండికి ఆరుగురం కలిసి వెళ్లాం. అప్పుడు గానీ తెలియలేదు, ఖరీదైన ట్రిమ్‌లలో ముందు సీట్ల మధ్య కన్సోల్ ఉంటుంది, అయిదుగురే కూర్చోగలరు. ఆరో మనిషికి ముందు బెంచి సీటు కావాలి, అది మామూలు ట్రిమ్‌లలోనే దొరుకుతోంది. ఆ ఒక్క మాటతో సగం లాట్ ఎగిరిపోయింది. ర్యామ్ కిందికి దిగడం అమ్మకి బాగా నచ్చింది, కానీ మేం చూసిన దాంట్లో బెంచి లేదు, స్టిక్కర్ 1,340. చివరికి సిల్వరాడో ఎల్‌టీ, 5.3 వీ8, బెంచి సీటు. స్టిక్కర్ 1,790. డీజిల్ మనసు లాగింది కానీ ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు లాగడానికి అది ఎందుకు అనిపించింది. ఇర్వింగ్ గారూ, కరెంటు కోసం విడిగా చిన్న జనరేటర్ కొంటాను. అమ్మ కోసం పక్కన మెట్లు వేయిస్తున్నాను, అయినా మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ స్టూలు వాడాల్సి వచ్చింది.

నాన్నగారికి తెనాలి తమ్ముడి బస్తాల లెక్క చెప్పాను. అంతే, ఆయన లాట్‌లో ప్రతి డోర్ తెరిపించి, స్టిక్కర్ చదివి, ఫోన్లో 75తో భాగించడం. సేల్స్ కుర్రాడికి తెలుగు రాదు, అయినా ఆఖరికి వాడే డోర్ తెరిచి "సార్, బస్తా?" అని అడుగుతున్నాడు.

గ్యారేజీలో పట్టింది. ఫ్రిజ్ బయటికి వచ్చింది, ప్రస్తుతం భోజనాల గదిలో ఉంది. దాని గురించి ఇంట్లో ఇంకా చర్చ జరుగుతోంది.