ఎల్-సెక్షన్ షీట్లు నాలుగింటిని ఒకే పొడవాటి షీటుగా కలపడం ఎలా?

మిర్యాలగూడ డ్రాఫ్ట్స్‌మన్:
అందరికీ నమస్కారం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక మైనరు (చిన్న పిల్ల కాలువ) ఎల్-సెక్షన్, అంటే కాలువ పొడవునా నేల, అడుగు లెవెళ్లు చూపే బొమ్మ, నా దగ్గర నాలుగు ఏ3 షీట్ల పీడీఎఫ్‌గా ఉంది. షీటుకు 750 మీటర్ల చొప్పున మొత్తం మూడు కిలోమీటర్లు. అడ్డు స్కేలు 1:2000, నిలువు స్కేలు 1:100. ఏ తూము ఎక్కడుందో, చివరి భూములకు చేరేసరికి కాలువ అడుగు ఎంత దిగుతుందో రైతులకు ఒక్క చూపులో తెలిసేలా దీన్ని పంచాయతీ ఆఫీసు గోడకు పెట్టాలనుకుంటున్నాము. అక్రోబాట్‌లో ఫైళ్లు కలిపితే నాలుగు పేజీల ఫైలు వచ్చిందే తప్ప ఒక్క షీటు రాలేదు. ఒకే కాగితంపై నాలుగు పేజీలు ప్రింటు చేస్తే బొమ్మ కుదించుకుపోయి స్కేలు పోయింది. అసలు క్యాడ్ ఫైలు దొరకడం లేదు. దయచేసి దారి చెప్పగలరు.

పాలమూరు క్యాడ్:
ఫైళ్లను కలపడం వేరు, షీట్లను అతకడం వేరు. ఆటోక్యాడ్‌లో పీడీఎఫ్ అటాచ్ కమాండుతో నాలుగు పేజీలను ఒక్కొక్కటిగా తెచ్చుకొని, పీడీఎఫ్ క్లిప్‌తో అంచులను, టైటిల్ బ్లాకును (పేరు, స్కేలు రాసే గడి) కత్తిరించి, మ్యాచ్ లైన్ (ఒక షీటు ఆగి తరువాతిది మొదలయ్యే గీత) దగ్గర ఒకదాని పక్కన ఒకటి చేర్చండి. 750 మీటర్లు కాగితంపై 375 మిల్లీమీటర్లు కనుక నాలుగూ కలిసి 1500 అవుతాయి; ఎడమవైపు వివరాల గడికి మరో 100 కలుపుకొని కాగితం పొడవు 1600గా పెట్టుకుంటే చాలు. పేజీని తెచ్చిన వెంటనే దాని వెడల్పు కొలవండి, 420 రాకపోతే యూనిట్లు తేడా పడ్డట్టే. ఆటోక్యాడ్ లేకపోతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనూ ఇదే పని చేయవచ్చు.

నకిరేకల్ వర్క్ ఇన్‌స్పెక్టర్:
పై పద్ధతి సరైనదే కానీ, అతికే ముందు ప్రతి షీటులో డేటమ్ (బొమ్మ అడుగు గీతకు ఇచ్చిన లెవెల్) ఎంత రాశారో తప్పక చదవండి. కాలువ దిగుతున్న కొద్దీ బొమ్మ కాగితం దాటకుండా తరువాతి షీటులో డేటమ్‌ను తగ్గిస్తారు. మొదటి షీటులో 118.000, రెండోదాంట్లో 116.000 ఉంటే, 1:100 స్కేలులో ఆ రెండు మీటర్లు 20 మిల్లీమీటర్లు. అంచులు సమానంగా పెట్టి అతికితే మ్యాచ్ లైన్ దగ్గర కాలువ అడుగు ఒక్కసారిగా పైకి లేచినట్టు కనబడుతుంది, అది చూసిన రైతు నీళ్లు ఎత్తు ఎక్కాలేమోనని అనుకుంటాడు. బొమ్మను లెవెల్ ప్రకారం కిందికి దించండి. చైనేజీ (కాలువ మొదటి నుంచి దూరం), నేల లెవెల్, అడుగు లెవెల్ ఉన్న పట్టికను మాత్రం విడిగా కత్తిరించి అడుగున ఒకే వరుసలో పెట్టండి. ఇంకొక మాట: అసలు పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం ఉంటే అతికిన షీటుకు అది చెల్లదు కాబట్టి, ‘చూడడానికి మాత్రమే’ అని రాసి పెట్టడం మంచిది.

మిర్యాలగూడ డ్రాఫ్ట్స్‌మన్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిజంగానే మూడో షీటులో డేటమ్ రెండు మీటర్లు తక్కువగా ఉంది, ఆ మూల చిన్న అక్షరాలను నేను చూడనేలేదు. మీరు చెప్పినట్టే బొమ్మను దించి, పట్టికను విడిగా వరుస చేశాను. కాగితం ఎత్తును 297 నుంచి 320కి పెంచవలసి వచ్చింది. ప్లాటర్ షాపులో తీసిన మొదటి కాపీలో వంద మీటర్లకు 50 మిల్లీమీటర్లు రావలసింది 48 వచ్చింది. ‘ఫిట్’ (కాగితానికి సరిపడేలా కుదించే ఎంపిక) తీసేసి అసలు కొలతకు పెట్టి మళ్లీ తీయించగా సరిగ్గా 50 వచ్చింది.