"అవశ్యము గెల్తు మనంగ రాదు": ఇక్కడ 'రాదు' అంటే వీల్లేదనా, కూడదనా?

అందరికీ నమస్కారం. నేను విద్యానగర్‌లో ఉంటాను, డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఈ వారం వియత్నాం యుద్ధం పాఠం నడుస్తోంది. తెలుగు మీడియం పిల్లల కోసం నోట్స్ రాస్తుంటే ఒక చోట చేయి ఆగిపోయింది.

1965 జూలై 1న అమెరికా విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న జార్జ్ బాల్, అధ్యక్షుడు జాన్సన్‌కు ఒక నోట్ రాశారు. ఎన్ని లక్షల మంది సైనికులను దింపినా వియత్ కాంగ్‌ను (దక్షిణ వియత్నాంలో పోరాడుతున్న కమ్యూనిస్టు గెరిల్లాలను) ఓడించగలమని, కనీసం మన షరతుల మీద చర్చలకు రప్పించగలమని మీకు ఎవరూ భరోసా ఇవ్వలేరు, అన్నది అందులోని ముఖ్యమైన మాట. అదే నెల 28న జాన్సన్ వియత్నాంలోని అమెరికా సైన్యాన్ని 75 వేల నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. 1969 నాటికి అది 5,40,000 దాటింది.

బాల్ మాట చదవగానే నాకు విరాటపర్వం గుర్తొచ్చింది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒంటరిగా రథం మీద వస్తున్నప్పుడు భీష్ముడు దుర్యోధనుడితో చెప్పే మాట, తిక్కన గారి పద్యం:

వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగ రాదు, రా
లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వ నేర్చునే?

నోట్స్‌లో ఇది పెట్టాను. క్లాసులో ఒక అబ్బాయి లేచి, "మేడమ్, 'తప్పకుండా గెలుస్తాం' అని గొప్పలు చెప్పుకోకూడదు అంటున్నాడా భీష్ముడు?" అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. బస్సులో "పొగ త్రాగరాదు" అని చదువుతూ పెరిగిన పిల్లలకు 'రాదు' అంటే నిషేధమే. నేను మాత్రం ఇన్నాళ్లూ దాన్ని "అనడానికి వీల్లేదు, ఫలితం మన చేతిలో లేదు" అనే అర్థంలోనే చదువుకున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

*

నల్లకుంట నుంచి, రిటైరైన తెలుగు పండితులు:

అమ్మా, మీరు చదువుకున్నదే సరి. 'అనవచ్చు'కు వ్యతిరేకం 'అనరాదు'. వచ్చు అనే క్రియలో సాధ్యమూ ఉంది, అనుమతీ ఉంది. "వాన పడవచ్చు" అంటే సాధ్యం. "లోపలికి రావచ్చు" అంటే అనుమతి. కాబట్టి దాని వ్యతిరేకంలోనూ రెండూ ఉంటాయి. ఏది తీసుకోవాలో సందర్భం చెబుతుంది. రెండో పాదంలో "రెండును గెల్వ నేర్చునే" అన్నాడు. తలపడిన రెండు సేనలూ గెలవగలవా అని అడిగినవాడు మొదటి పాదంలో మర్యాద పాఠం చెప్పడు, లెక్క చెబుతాడు. అలాగని మీ విద్యార్థి అర్థాన్ని పూర్తిగా తోసేయకండి. అలా అనే వీలు లేనప్పుడు అనడం తగదు కూడా.

ఇంకొకటి గమనించారా? పద్యం 'వచ్చినవాడు' అని మొదలై, ఆ వాక్యం 'రాదు' దగ్గర ఆగుతుంది. రెండూ ఒకే ధాతువు. శత్రువు వచ్చాడు, గెలుస్తామన్న మాట రాదు. తిక్కన తెలిసే చేశాడని నా నమ్మకం.

*

ఉప్పల్ నుంచి, సిద్దిపేట వైపు మనిషిని:

మా దిక్కు 'రాదు' ఇంకో పని కూడా చేస్తుంది అక్కా. "జర చెప్పరాదు" అంటే చెప్పొద్దని కాదు, చెప్పమని బతిమాలడం. "నాకు ఈత రాదు" అంటే చేతకాదని. మా నాయనమ్మ "ఆ ముచ్చట చెప్పరాదు బిడ్డా" అంటే ముఖం చూసి అర్థం చేసుకునేవాళ్లం, చెప్పమంటుందో, చెప్పొద్దంటుందో, తనకే చెప్పడానికి నోరు రావట్లేదో. మీ పిల్లల్లో మా జిల్లాల వాళ్లుంటే ఈ మూడు అర్థాలూ వాళ్లకు ముందే తెలుసు. అడిగి చూడండి.

*

మలక్‌పేట నుంచి:

మేడమ్, పద్యం గొప్పదే, కానీ ఈ సందర్భానికి సగమే సరిపోతుంది. "రాలచ్చికినై పెనంగిన బలంబులు రెండును" అన్నారు. రాలచ్చి అంటే రాజ్యలక్ష్మి. కౌరవులకూ పాండవులకూ కావలసింది ఒకే రాజ్యం. వియత్నాంలో హనోయ్ (ఉత్తర వియత్నాం రాజధాని) వాళ్లకు అది సొంత నేల. వాషింగ్టన్‌కు అది రాలచ్చి ఎలా అవుతుంది? సముద్రం అవతలి దేశం. ఓడినా ఇల్లు పోదు. అందుకే అమెరికా జనానికి "ఇది గెలుస్తామా" అన్న ప్రశ్నతో పాటు "అసలెందుకు" అన్నదీ వచ్చింది. దుర్యోధనుడికి ఆ రెండో ప్రశ్న ఎప్పుడూ రాలేదు. భీష్ముడు అంత చెప్పినా రాజ్యం ఇచ్చేది లేదన్నాడు.

*

మొదట అడిగినవారు:

మలక్‌పేట సోదరా, మీ మాట నా పాఠాన్ని మార్చేసింది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అభిప్రాయ సేకరణ చేసే గాలప్ సంస్థ అమెరికా జనాన్ని అడిగిన ప్రశ్న కూడా 'గెలుస్తామా' అని కాదు, 'వియత్నాంకు సైన్యాన్ని పంపడం పొరపాటా' అని. 1965 ఆగస్టులో పొరపాటే అన్నవాళ్లు 24 శాతం. 1968 ఆగస్టుకు 53 శాతం. ఆ మూడేళ్లలో జనం నోట్లో మాట మారిన తీరును పిల్లలకు తెలుగులో ఎలా చెప్పాలన్నదే నా అసలు బాధ. "ప్రజల్లో సందేహాలు పెరిగాయి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు.

నాకు తోచింది ఇది. సందేహం విషయం మీద వస్తుంది, అనుమానం మనిషి మీద పుడుతుంది. "మాస్టారూ, నాకో సందేహం" అంటాం, ఎందుకంటే ఆయన తీరుస్తాడన్న నమ్మకం ఉంది. "నాకు వాడి మీద అనుమానం" అన్నప్పుడు ఆ నమ్మకం పోయింది. 1967 నవంబర్ 21న వియత్నాంలో అమెరికా సేనాని జనరల్ వెస్ట్‌మోర్లాండ్ వాషింగ్టన్ వచ్చి, యుద్ధం ముగింపు కనుచూపు మేరలోకి వస్తోందని ప్రసంగించారు. పది వారాలు తిరిగేసరికి, 1968 జనవరి చివర్లో, వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరపు టెట్ పండుగ రోజుల్లో దక్షిణ వియత్నాం నగరాల మీద వియత్ కాంగ్, ఉత్తర వియత్నాం దళాల దాడులు మొదలయ్యాయి. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకి కూడా చొరబడ్డారు. సైనికంగా ఆ దాడుల్లో ఎక్కువ నష్టపోయింది దాడి చేసినవాళ్లే. అయినా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనిషికి అప్పటిదాకా ఉన్న సందేహం అనుమానమైంది. యుద్ధం ఎలా ఉందన్నది వెనక్కి పోయి, మాకు చెప్పినదాంట్లో నిజమెంత అన్నది ముందుకొచ్చింది.

*

సికింద్రాబాద్ నుంచి:

మేడమ్, "నాకో అనుమానం" అని కూడా మామూలుగా అంటాం కదా, డౌట్ అనే అర్థంలో. మీరు గీసిన గీత వాడుకలో అంత గట్టిగా ఉండదు. అయినా పాఠంలో పెట్టండి, పిల్లలకు పట్టు దొరుకుతుంది.

నాకు తెలిసిన ఇంకో మాట చెబుతాను. 1968 ఫిబ్రవరి 27న అమెరికా టీవీ వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ టీవీలో ఈ యుద్ధం ఎటూ తేలకుండా ఇరుక్కుపోయిందన్న తాత్పర్యంతో మాట్లాడారు. దానికి మన పత్రికల మాట 'ప్రతిష్టంభన'. అసెంబ్లీ ఆగినా అదే, ఆర్టీసీ సమ్మె చర్చలు ఆగినా అదే. నేనైతే 'తేలని యుద్ధం' అంటాను. తేలడం అంటే నీళ్ల మీదికి రావడం, లెక్క తేలడం కూడా. మునిగినవాళ్లు పైకి రాలేదు, లెక్కా కుదరలేదు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక తేలింది.

*

లంగర్‌హౌజ్ నుంచి:

మా మేడ మీద నుంచి గోల్కొండ కనబడుతుంది. 1687లో ఔరంగజేబు సైన్యం దీని చుట్టూ సుమారు 8 నెలలు కూర్చుంది. మొఘల్ శిబిరంలోనే ఉన్న నియామత్ ఖాన్ ఆలీ ఆ ముట్టడిని ఎగతాళి చేస్తూ పారసీలో రాశాడు. చివరికి కోట పడింది ఫిరంగులకు కాదు, లోపలివాడు ఒకడు డబ్బుకు తలుపు తీశాడు. దక్కన్ యుద్ధం మాత్రం ఆగలేదు, 1707లో బాద్‌షా దక్కన్‌లోనే చనిపోయేదాకా సాగింది. గెలిచిన కోటలు చాలా ఉన్నాయి, 'గెలిచాం' అనే రోజే రాలేదు. అనుమానం బయటి వాళ్లకంటే ముందు డేరాలో ఉన్నవాళ్లకే వస్తుందని నాకు అనిపిస్తుంది. భీష్ముడూ లోపలివాడే.

*

నల్లకుంట పండితులు:

లంగర్‌హౌజ్ వారు మంచి చోట పట్టుకున్నారు. 'గెల్తుము' అన్న క్రియ చూడండి. ఇందులో 'మనము' ఉందా, 'మేము' ఉందా? తెలుగు క్రియ ఆ తేడా చూపదు, కర్తను బట్టే తెలుస్తుంది. భీష్ముడు ఆ సేనలో ఉండి పోరాడబోయేవాడు, దుర్యోధనుణ్ణి కలుపుకునే అంటున్నాడు. కనుక అది 'మనము'. అమ్మా, మీ జార్జ్ బాల్ వాక్యానికి కూడా కర్త 'మనం' అనే రాయండి, 'మీరు' అని రాస్తే ఆయన పక్కకు తప్పుకున్నట్టు అవుతుంది.

*

మొదట అడిగినవారు:

ఈ మాట నాకు తట్టనే లేదు మాస్టారూ. కృతజ్ఞతలు. నోట్స్‌లో నేను 'మీరు గెలవలేరు' అని రాశాను, ఇవాళే దిద్దుతాను. ఆ నోట్ జనం కళ్లబడింది 1971లో, పెంటగాన్ పత్రాలు (ఈ యుద్ధం మీద అమెరికా రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న చరిత్ర) బయటికి వచ్చినప్పుడు. అంటే ఆరేళ్ల పాటు ఆ 'రాదు' లోపల ఒక అర్థంతో, బయట ఇంకో అర్థంతో నడిచింది. లోపల గెలుస్తామని చెప్పడానికి వీల్లేదు. బయట 'గెలవం' అని అనకూడదు. క్లాసులో ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న ఎంత మంచిదో ఇప్పుడు తెలుస్తోంది. ఈ యుద్ధంలో 58 వేల మందికి పైగా అమెరికా సైనికులు, లక్షల్లో వియత్నాం జనం పోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆ నోట్ రాసిన తర్వాతే చనిపోయారు.

సోమవారం క్లాసుకు వాక్యం ఇలా రాసుకున్నాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి: "ఎన్ని లక్షల మందిని దింపినా మనం గెలుస్తామని మీతో ఎవరూ చెప్పలేరు." 'చెప్పరాదు' వాడలేదు. పద్యం పక్కనే ఉంటుంది, ఆ మాట మీద పిల్లలే మాట్లాడతారు. ఉప్పల్ తమ్ముడూ, మీ నాయనమ్మ గారి మూడు అర్థాలతోనే మొదలుపెడతాను.