ఎన్‌జిన్‌ఎక్స్‌లో నిషేధించిన పీడీఎఫ్ ఫైళ్లు లాగిన్ లేకుండానే తెరుచుకుంటున్నాయి

మా పీహెచ్‌పీ అప్లికేషన్‌లో దరఖాస్తుదారుల ఆధార్ ప్రతులు ‘అప్‌లోడ్స్’ ఫోల్డరులో ఉన్నాయి. అపాచీ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కు (రెండూ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లే) మారాక, అపాచీలో ఫోల్డరువారీ నియమాలు రాసే .హెచ్‌టీయాక్సెస్ ఫైలును ఎన్‌జిన్‌ఎక్స్ అసలు చదవదని తెలిసి, .ఈఎన్‌వీ (రహస్య సెట్టింగుల ఫైలు), .పీడీఎఫ్ రెండింటికీ కలిపి ఒక రెజెక్స్ లొకేషన్ బ్లాకులో (అడిగిన చిరునామాను ఒక నమూనాతో పోల్చి నియమం వర్తింపజేసే భాగం) ‘డినై ఆల్’ (ఎవరికీ ఇవ్వవద్దు) అని రాసి, కాన్ఫిగరేషన్ సరిచూసి రీలోడ్ చేశాను. కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి వెబ్ చిరునామాను అడిగే సాధనం) అడిగితే .ఈఎన్‌వీకి 403 (నిషిద్ధం) వస్తోంది గానీ, అప్‌లోడ్స్‌లోని పీడీఎఫ్‌కు ఇప్పటికీ 200 (విజయవంతం) వచ్చి, ఒకరి ఆధార్ సంఖ్య 12 అంకెలూ బయటపడుతున్నాయి. పరాయివారి గుర్తింపు పత్రాలు కాబట్టి ఇది నన్ను చాలా కలవరపెడుతోంది. క్యాష్ తుడిచాను, బ్లాకును ఫైలులో అన్నిటికన్నా పైకి జరిపాను, సర్వరును రీస్టార్ట్ చేశాను, ఫలితం మారలేదు. క్యాష్ గడువు కోసం అప్‌లోడ్స్‌కు ^~ గుర్తుతో (రెజెక్స్ బ్లాకులను చూడకుండా దీన్నే ఎంచుకోమనే గుర్తు) మరో లొకేషన్ బ్లాకు ముందునుంచే ఉంది. ఈ ^~ బ్లాకును తీసేయకుండా, నా నిషేధం ఆ పీడీఎఫ్‌లకు కూడా వర్తించాలంటే దాన్ని ఎక్కడ రాయాలి?