మన పాత కల్లు పాకలకి, సారా కొట్లకి ఆ పేర్లు ఎలాగొచ్చాయి?

ప్రశ్న: రాజాం కుర్రాడు

మా తాత ఎవరికి దారి చెప్పినా "ఒంటితాడి పాక దాటేక ఎడంపక్క" అంటాడు. అక్కడిప్పుడు పాకా లేదు, తాడీ లేదు, సెల్ టవరుంది. సర్కారు లెక్కలో ఏ దుకాణానికైనా నంబరే ఉండేదట. మరి జనం నోట్లో పేర్లు ఎలా పుట్టాయి? శ్రీకాకుళం, విజయనగరం పక్క మీరెరిగిన పేర్లు చెప్పండి, ఎందుకొచ్చిందో కూడా చెప్పండి. నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇవి తెలిసినోళ్ళంతా డెబ్బై దాటిపోయారు, అదే నా తొందర.

జవాబు: గరివిడి పెద్దాయన

మంచి పని పెట్టుకున్నావు బాబూ. మా నాన్న చెట్లు గీసేవాడు. కల్లు పాకకి బోర్డెక్కడిది? తాటికల్లు వేసవి సరుకు. వనంలోనే నాలుగు రాటలు పాతి కమ్మలు కప్పేవారు, తొలకరి పడితే పాక పని అయిపోయినట్టే. మరుసటేడు ఇంకోచోట. పాక నిలిచేది కాదు గనక పక్కన ఏది నిలిచుంటే దాని పేరే వచ్చేది: గట్టుకింద పాక, రేవు పాక, మీ ఒంటితాడి పాక.

మా నాన్నది మాత్రం తీపి పాక. అది సున్నం వల్ల వచ్చిన పేరు. ముంత కట్టేముందు లోపల చుట్టూ తడిసున్నం వేళ్ళతో పూసేవాడు. సున్నముంటే రసం పులవదు, తెల్లారి దించితే తియ్యగా ఉంటుంది. పిల్లలు చెంబులు పట్టుకొని వరస కట్టేవారు. సున్నం పూయని ముంతలూ ఉండేవి, ఎండెక్కేసరికి అవి నురగలు కక్కేవి, అవి పెద్దోళ్ళకి. డబ్బులొచ్చేది వాటి మీదే. అయినా ఊరు పెట్టిన పేరు మాత్రం పిల్లలు తాగేదాని మీద. సున్నానికి మా నాన్న వేళ్ళ సందులు ఎప్పుడూ ఒరిసిపోయి ఉండేవి. ఆ పేరు ఎవరైనా తలిస్తే నాకు ఈరోజుకీ గర్వంగానే ఉంటుంది.

ఇంకోటి, గేటు కొట్టు. హౌరా లైను మీద రైలు గేటు పక్కన ఉండేది. గూడ్సు వస్తోందని గేటు పడితే బళ్ళన్నీ ఆగేవి, బండివాళ్ళు దిగేవారు. గేటు లేచినా కొందరు లేచేవారు కాదు.

జవాబు: బొబ్బిలి అప్ప

అన్నయ్యగారూ, కల్లు వేరు, సారా వేరు. మా వీధి చివర సారా కొట్టుని మగాళ్ళు "పాటగాడి కొట్టు" అనేవారు, వేలం పాటలో కొట్టు దక్కించుకున్నాయన పేరు చెప్పడానికి భయం. మేం ఆడవాళ్ళం మాత్రం "పుస్తెల కొట్టు" అనేవాళ్ళం. ప్యాకెట్లకి డబ్బుల్లేకపోతే పుస్తెలు తాకట్టు పెట్టుకునేవారు. మా పిన్ని మెళ్ళో పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకొనే ఇద్దరు పిల్లలకి పెళ్ళిళ్ళు చేసింది. పీటల మీద కూర్చున్నప్పుడు చీర కొంగు మెడ చుట్టూ లాక్కోవడం నేను చూశాను.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన కబురు మాదాకా వచ్చింది. 1993 అక్టోబరులో సారా ఆపేశారు, కొట్టు మూతబడింది. ఇప్పుడక్కడ బియ్యం అమ్ముతున్నారు. పాటగాడి కొట్టంటే ఎవరికీ తెలీదు. మా కోడలైతే "పుస్తెల కొట్లో బియ్యం బాగున్నాయత్తా" అంటుంది.

నువ్వు రాసేటప్పుడు తాతని అడిగి ఊరుకోకు నాన్నా. నాన్నమ్మని కూడా అడుగు.

జవాబు: కంటోన్మెంటు వాసి

మా విజయనగరంలో మూడు లాంతర్ల పాత స్తంభం 2020లో పడగొట్టారు. అయినా ఆటో ఎక్కి మూడు లాంతర్లంటే చాలు, తీసుకెళ్ళి దింపుతారు. నెల్లిమర్లలో మా మావయ్య చెప్పే "కూత కొట్టు" కూడా అలాంటిదే. జూట్ మిల్లు కూత వినపడగానే నిండేదట.

రాజాం కుర్రాడు

అప్పా, మీ మాట విని నాన్నమ్మని అడిగాను. ఒంటితాడి పాకని ఆడవాళ్ళు "లాంతరు పాక" అనేవారట. పొద్దు గూకాక లాంతర్లు పట్టుకెళ్ళి మగాళ్ళని పొలం గట్ల మీద నడిపించుకొచ్చేవారు. పక్కనే కూర్చున్న తాత ఈ పేరెప్పుడూ వినలేదన్నాడు. నేను రెండూ రాశాను.

పాలకొండ, సీతంపేట పక్కోళ్ళు ఎవరైనా ఉన్నారా? అక్కడి జీలుగు కల్లు చోట్లకి కూడా ఇలాగ పేర్లుండేవా?