వెరొనీసే బొమ్మ పేరు మార్చి లొంగిపోయాడా, గెలిచాడా?

రంగులడబ్బా: విషయం తెలియనివారి కోసం ముందు క్లుప్తంగా. వెనిస్‌లో ఒక మఠం భోజనశాలలో ఉన్న చిత్రకారుడు టిషియన్ బొమ్మ 1571లో కాలిపోతే, దాని చోట ఇంకో చిత్రకారుడు పావొలో వెరొనీసే భారీగా కడరా భోజనం (క్రీస్తు చనిపోయే ముందు శిష్యులతో చేసిన ఆఖరి భోజనం) బొమ్మ వేశాడు. దాదాపు 13 మీటర్ల వెడల్పు. 1573 జూలై 18న క్యాథలిక్ మత విచారణ సభ (ఇంక్విజిషన్) ఆయన్ని పిలిపించి, ప్రభువు బల్ల దగ్గర ఈ తాగుబోతులు, మరుగుజ్జులు, ముక్కు నుంచి రక్తం కారుతున్న పనివాడు ఏమిటని నిలదీసింది. మూడు నెలల్లో సొంత ఖర్చుతో సరిదిద్దమంది. ఆయన 'లేవి ఇంట విందు' అని పేరు మార్చి ఊరుకున్నాడు. నా దృష్టిలో ఇది కళ గొంతు నొక్కడమే. కాదంటారా?

గోదారిగట్టు: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? క్యాథలిక్కులకు కడరా భోజనం అంటే ఏదో విందు కాదు, దివ్యసత్ప్రసాదానికి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారానికి మూలం. రొట్టె, ద్రాక్షరసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయా లేదా అన్నదాని మీదే ఆ రోజుల్లో యూరప్ సగం కొట్టుకుంది. క్యాథలిక్ పెద్దల ట్రెంట్ మహాసభ 1551లో అవునని ఖరారు చేసింది, 1563లో బొమ్మలకూ నియమాలు పెట్టింది. అలాంటప్పుడు మెట్ల దగ్గర ఈటెలు పట్టుకున్న ఇద్దరు జర్మన్ సైనికుల్ని పెట్టి, ఒకడి చేత తినిపించి ఇంకొకడి చేత తాగిస్తే, క్యాథలిక్ సంఘాన్ని ఎదిరించిన లూథర్ దేశంవాళ్లన్న అనుమానం రాదా మరి?

పాతకాగితాలు: విచారణలో అడిగిందీ అదే, జర్మనీలో ఇలాంటి బొమ్మలతోనే క్యాథలిక్ సంఘాన్ని వెక్కిరిస్తారని తెలియదా అని. ఆయన జవాబు: ఇంటాయన డబ్బున్నవాడు, అలాంటి నౌకర్లు ఉండే ఉంటారు. కవులకూ పిచ్చివాళ్లకూ ఉన్న స్వేచ్ఛే చిత్రకారులకూ ఉందన్నాడు. అసలు మజా ఆ తర్వాత. రోమ్‌లో పోపు ప్రార్థనాలయం గోడ మీద 'కడతీర్పు' బొమ్మలో మైకెలాంజెలో అందర్నీ బట్టల్లేకుండా వేయలేదా అన్నాడు. కడతీర్పు రోజున బట్టలెవరికి ఉంటాయి, అక్కడున్నదంతా ఆత్మసంబంధమే అని సభవారు సమర్థించారు. కానీ అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే, 1565లో, అదే గోడ మీది బొమ్మలకు దనియేలే ద వొల్తెర్రా అనే చిత్రకారుడి చేత గుడ్డలు వేయించింది ఇదే సంఘం!

రంగులడబ్బా: అదీ నేననేది. వాళ్లలో వాళ్లకే పొంతన లేదు, సిద్ధాంతం పేరు చెప్పి పెత్తనం!

గోదారిగట్టు: పొంతన లేదు, ఒప్పుకుంటా. కానీ లూకా సువార్త 5వ అధ్యాయం తీసి చూడండి. లేవి సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఆ విందులో కూర్చున్నవాళ్లంతా సుంకరులు, పాపులు, వాళ్లతో కలిసి తింటున్నారేమని పరిసయ్యులు (ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే యూదులు) క్రీస్తు శిష్యుల మీద సణిగారు. అంటే ఆ గుంపు అక్కడ ఉండాల్సిందే. వెరొనీసే పిట్టగోడ మీద ఆ అధ్యాయం సంఖ్య కూడా రాసిపెట్టాడు. భయపడి తోచిన పేరేదో తగిలించినవాడు చేసే పనా ఇది?

పాతకాగితాలు: బొమ్మలో ఉన్న కుక్కను తీసేసి క్రీస్తు శిష్యురాలు మగ్దలా మరియను వేయమని కూడా అడిగారటండోయ్. ఇప్పుడా బొమ్మ వెనిస్‌లోనే అకాదెమియా గ్యాలరీలో ఉంది. కుక్కా ఉంది.